రెండోసారి చెప్పించుకున్న చావు

ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంట్లో పోయినవాళ్ళు ఎలా పోయారో అడిగి రాసుకోవడం నా మొదటి ఉద్యోగం. డాక్టరు చీటీ లేకుండా పోయేవాళ్ళు పల్లెల్లో చాలామంది. వాళ్ళు దేనివల్ల పోయారో ఎక్కడా రాసి ఉండదు. ఇంట్లోవాళ్ళను నెమ్మదిగా అడిగి, ఆ జవాబులు తెచ్చి డాక్టర్ల ముందు పెడితే వాళ్ళు చదివి కారణం తేలుస్తారు. వేలూరులో ఒక అద్దె మేడ మీద నడిచే చిన్న ఆఫీసు ఈ పని చేసేది. కంప్యూటరు డిప్లొమా చేసి తొరపాడిలో మా ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను వాళ్ళు తీసుకున్నది నా చదువు చూసి కాదు, తెలుగు వచ్చని. గుడియాత్తం వైపు, అణైకట్ వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. తమిళంలో పలకరిస్తే తమిళంలోనే జవాబిస్తారు. కానీ చావు దగ్గరికి వచ్చేసరికి మాట తెలుగులోకి జారిపోతుంది. అక్కడ తమిళం మాత్రమే వచ్చినవాళ్ళు పెన్ను పట్టుకుని బిక్కమొహం వేసేవాళ్ళు.

నేను చేరేనాటికి ఆఫీసులో పెన్నూ కాగితమూ పోయాయి. మా సారుకు కొత్త పద్ధతుల మీద మోజు. పై దేశంలో ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాపులు మూడు తెప్పించి, వాటిలో విండోసుకు బదులు లినక్సు వేయించారు. కొనక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు అని. ప్రశ్నలన్నీ ఒక ప్రోగ్రాంలో ఉండేవి. పేజీ తరువాత పేజీ నింపుకుంటూ పోయి, చివరి పేజీలో భద్రపరచు అనే బొత్తాం నొక్కాలి. అది నొక్కేదాకా అంతకుముందు నింపిందేదీ ఉన్నట్టు కాదు.

నాకు ఇచ్చిన లాప్‌టాప్ చూడ్డానికి బాగానే ఉండేది. దాని బ్యాటరీ మాత్రం నమ్మడానికి లేదు. తెర మూలన ఇంత శాతం ఉంది అని అంకె చూపిస్తుంది, ఆ అంకె ఉండగానే ఏ హెచ్చరికా లేకుండా ఆరిపోతుంది. చేరిన నెలలోనే ఒక ముసలమ్మ చావు రాసుకుంటుండగా అలా ఆరిపోయింది. వాళ్ళను మళ్ళీ ఇబ్బంది పెట్టడమెందుకని, ఆఫీసుకు వచ్చి గుర్తున్నదంతా నింపేశాను. ఎంతసేపట్లో నింపామో కూడా ప్రోగ్రాం రాసుకుంటుందని నాకు తెలియదు. సారు పిలిచారు.

"పదకొండు నిమిషాల్లో ఒక మనిషి చావు చెప్పేశారా వాళ్ళు?"

జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. "నీ జ్ఞాపకంలోంచి రాయకూడదమ్మా. నువ్వు ఒకటి మరచిపోతావు, ఒకటి కలుపుతావు. ఆగిపోతే మళ్ళీ వెళ్ళి మొదటినుంచీ అడుగు. బ్యాటరీ చూసుకుని బయలుదేరు" అన్నారు.

అప్పటినుంచి చూసుకునే బయలుదేరేదాన్ని. చూసుకోవడమంటే ఆ మూలనున్న అంకెను చూసుకోవడమే.

మోర్ధానా ఆనకట్ట కాలువ కింద ఉన్న ఒక ఊరికి ఆ రోజు వెళ్ళాను. గుడియాత్తంలో బస్సు మారి, దిగాక కాలువ గట్టు మీద కొంత నడవాలి. ఆ ఊళ్ళో తెలుగు ఇళ్ళలో సగం బేల్దారి పని ఇళ్ళు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ బెంగుళూరు వెళ్ళి కట్టడాల దగ్గర గుడిసె వేసుకుని ఉంటారు. పిల్లలు ఇక్కడ అవ్వల దగ్గర. ఆ రోజుల్లో బెంగుళూరులో ఎక్కడ చూసినా ఏదో ఒకటి లేస్తుండేది.

నేను వెతుకుతున్న ఇంట్లో ఒకామె వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళు ఉంటాయి. భర్త పోయి నాలుగు నెలలు. ఇద్దరు ఆడపిల్లలు బడికి వెళ్ళారు. ఇంట్లో ఒకటే బల్బు, ప్లగ్గు లేదు, ఆ వేళకు కరెంటూ లేదు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చూశాను. డెబ్బై రెండు శాతం. చాలనుకున్నాను.

మొదట తమిళంలోనే మాట్లాడింది. వయసు, పని, ఊరు. "ఎప్పుడు ఒంట్లో బాగలేకుండా పోయింది అక్కా ఆయనకు?" అని నేను తెలుగులో అడిగాను. ఆమె చేతిలో కాయ అలాగే ఉంది.

"ఒంట్లో బాగలేకనా? ఆ మనిషికి జొరం గూడా వచ్చేది గాదమ్మా" అంది. "పడినాడు. నాలుగో మాడీ మీద సెంట్రింగు కొడతా ఉండినాడు. సారం తాడు ఊడిపోయింది."

మాడీ అంటే అంతస్తు. వెదుళ్ళు నిలిపి, తాళ్ళు బిగించి, పనివాళ్ళు నిలబడడానికి కట్టే దాన్ని మావైపు సారం అంటారు. మా నాయన మేస్త్రీ. నేను సారాల కింద ఆడుకుంటూ పెరిగినదాన్ని. ఆమె చెబుతుంటే ఏ ముడి ఎలా ఊడి ఉంటుందో నాకు కనిపించింది.

"నేను ఆడనే ఉండినా. కింద ఇసక జల్లిస్తా ఉండినా. ఆ తాడు బాగలేదు, మార్చల్ల అని రెండు దినాలుగా అంటానే ఉండినాడు. స్లాబు పొయ్యల్ల, సీక్కిరం కానీయండి అన్నారు." చేతిలో కాయ కింద పెట్టింది. "పడేటప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచినాడమ్మా. పెండ్లి అయినంక ఒక తూరి గూడా నా పేరు పలకలేదు. ఏమే అంటాడు, ఇదిగో అంటాడు. ఆ పొద్దు మాత్రం పేరు పెట్టి అరిచినాడు."

ఏడవలేదు. ఎవరికీ ఇంతవరకు చెప్పనట్టుగా, ఒక్కో మాటా ఏరి చెబుతోంది. ఆ మధ్యలో లాప్‌టాప్ లోపలి డిస్కు గరగరమని తిరగడం మొదలైంది. తెరిచిన కాసేపటికి అలా తిరగడం దానికి అలవాటు. నేను పట్టించుకోలేదు. మూలన అంకె చూశాను, నలభై ఒకటి.

"పడినంక ఎంతసేపు ఉన్నాడక్కా?"

"ఆటో వచ్చేదాకా ఉండినాడు. నా చెయ్యి..."

తెర నల్లబడింది. బొత్తాం నొక్కి పట్టుకున్నాను. వెలిగి, నాలుగు గీతలు చూపించి మళ్ళీ ఆరిపోయింది. నా మొహం చూసి ఆమె మాట ఆపేసింది.

"ఏమైందమ్మా?"

"ఆగిపోయిందక్కా. రేపు మళ్ళీ వస్తా."

"రేపు మిగిలింది చెప్తే చాలునా?"

"లేదక్కా. మొదట్నుంచీ చెప్పల్ల."

"అంతానా?" అంది. నా ఒళ్ళో ఉన్నదాని వంక చూసింది. "ఇంతసేపు చెప్పిందంతా దాంట్లో లేదా?"

లేదని చెప్పాను. ఆమె తల వంచి కాయలు ఒలవడం మొదలుపెట్టింది. సంచిలో ఒక పెన్ను ఉంది, బస్సు టికెట్ల వెనక రాసుకున్నా అయ్యేది. కాగితం మీద రాసింది చెల్లదన్న ఆలోచనే తప్ప, ఉండనీ అన్న ఆలోచన రాలేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో లాప్‌టాప్ తెరిస్తే పదమూడు శాతం. సాయంత్రంనుంచీ ఛార్జరుకు తగిలించే ఉంది. పిన్ను కొంచెం ఎత్తి పట్టుకుంటే దీపం వెలుగుతుంది, వదిలితే పోతుంది. లినక్సులో బ్యాటరీ సంగతులన్నీ ఒక ఫైలులో కనిపిస్తాయి, ఒక వరుస ఆదేశం కొట్టి చదువుకోవచ్చు. చదివాను. ఛార్జరు తగిలించి ఉండగానే, బ్యాటరీ ఖర్చవుతోంది అని ఉంది. అంటే రాత్రంతా గోడలోని కరెంటు లోపలికి చేరనే లేదు. ఆ రోజు గుడియాత్తం వెళ్ళలేదు.

వేలూరు పాత బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. లాప్‌టాప్ ఎప్పుడూ విప్పలేదు, అయినా విప్పాడు. స్క్రూలన్నీ విప్పిన వరుసలోనే ఒక అట్టమీద గుచ్చి పెట్టుకున్నాడు. ఛార్జరు పిన్ను దూరే చోటు లోపల బోర్డుకు అతికించిన దగ్గర పగిలి ఉంది. "బస్సుల్లో అదిరి అదిరి విట్టిపోయింది, పాపా" అని భూతద్దంలోంచి నాకు చూపించాడు. వెంట్రుకంత పగులు. పాత సీసం తీసేసి కొత్తది పెట్టాడు. దానికి ఆ రోజూ, మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది.

అలా మూడో రోజు దాటి నాలుగో రోజు వెళ్ళాను. ఈసారి తిన్నె మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి చాప వేశాడు. ఆమె భర్తకు అన్న, వాళ్ళందరినీ బెంగుళూరుకు పనికి తీసుకువెళ్ళే మేస్త్రీ. తమ్ముడి చావు సంగతి ఎవరో రాసుకుపోవడానికి వచ్చారని తెలిసి ముందురోజే ఊరికి వచ్చాడట. ఆమె లోపల గుమ్మానికి ఆనుకుని కూర్చుంది.

నేను ప్రశ్న ఆమెనే అడిగాను. జవాబు ఆయన చెప్పాడు.

"నెంజు వలి అమ్మా. పని చేస్తా చేస్తా గుండె పట్టుకున్నాడు. ఆస్పత్రికి తీసుకపోయేలోపల పోయినాడు. అట్లే రాసుకో."

"అక్కను చెప్పనియ్యండన్నా. దగ్గరున్నోళ్ళే చెప్పల్ల అని మాకు రూలు."

"చెప్పు మరి" అన్నాడు ఆమెతో. గొంతు పెంచలేదు.

"బావ చెప్పినట్టే" అంది ఆమె, నా వంక చూడకుండా.

"అక్కా, మొన్న..."

"మొన్న నాకు మనసు బాగలేదమ్మా. ఏమేమో చెప్పింటా."

ఆయన నావైపు తిరిగాడు. "ఏం చెప్పింది మొన్న?"

ఆ ఒక్క క్షణం నాకిప్పటికీ బాగా గుర్తుంది. ఆమె కాలి బొటనవేలు నేలకు నొక్కుకుని ఉంది. చెబితే, నేను బస్సెక్కి పోయాక ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమె.

"ఏమీ చెప్పలేదన్నా. మొదలుపెట్టేలోపలే మిషను ఆగిపోయింది" అన్నాను.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ముందు ఎప్పుడైనా నొప్పి వచ్చిందా, చెమటలు పట్టాయా, ఎడమ చెయ్యి లాగిందా. అన్నిటికీ ఆయన జవాబులు చెప్పాడు, ఆమె ఊ కొట్టింది. దెబ్బలేమైనా తగిలాయా అన్న ప్రశ్నకు మాత్రం, ఆయన నోరు తెరిచేముందే ఆమె లేదు అంది. ఆ రోజు డిస్కు గరగరలాడినా లాప్‌టాప్ ఆగలేదు. చివరి పేజీ వచ్చింది. భద్రపరచు నొక్కేటప్పుడు అంకె అరవై మూడు.

మర్నాడు సారుకు రెండు కథలూ చెప్పాను.

"మొదటిదే నిజమని నీకెట్లా తెలుసు?"

"ఆమె అక్కడే ఉంది సార్. కళ్ళతో చూసింది."

"రెండోసారి చెప్పినప్పుడూ ఆమే కదా ఉంది?" ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను నమ్మడం లేదనుకోకు. కానీ మన దగ్గరున్నది ఒక్కటే. ఇతర విషయాలు అని చివర పెట్టె ఉంది, దాంట్లో నీకు తోచింది రాయి."

ఆ పెట్టెలో ఇన్ని అక్షరాలే పట్టాలని ఉంది. ఎత్తునుంచి పడినట్టు మొదట చెప్పారు, తరువాత మార్చారు అని తమిళంలో రాశాను. అంతకంటే పట్టలేదు. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివారు. ఒకాయన గుండెపోటు అన్నాడు. రెండో ఆయన తేల్చలేను అన్నాడు. ఇద్దరి మాటా కలవకపోతే మూడో డాక్టరుకు వెళుతుంది. ఆయన మొదటి ఆయనతో కలిశాడు.

ఆదివారం పొద్దున నాయన పెరట్లో గోడల మట్టం చూసే రసమట్టం తుడుచుకుంటుంటే ఈ సంగతి చెప్పాను. ఆయన తుడుస్తూనే విన్నాడు.

"ఆ మేస్త్రీ చేతికింద ఎంతమంది?"

"తెలీదు నాయనా. ఊళ్ళో సగం మంది ఆయనతోనే పోతారు."

"పడినాడంటే పోలీసులు వస్తారు, పని ఆగిపోతాది. ఇంగో చోట ఆ మేస్త్రీని పిలవరు. అంతమందీ ఊరికి రావల్ల" అన్నాడు.

"అయితే అబద్ధం చెప్పల్లనా?"

నాయన బట్ట మడిచి పక్కన పెట్టాడు. "నెంజు వలి అనేది అందురూ చెప్పేదే అమ్మా. లేదంటే ఫిట్సు అంటారు" అన్నాడు. ఆ మాట అని లేచి, రసమట్టం చేతిలోనే మరచిపోయి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు చాలా ప్రశ్నలు వచ్చాయి. ఊళ్ళు తిరిగి ఎందరినో అడిగినదాన్ని, మా ఇంట్లో ఆయనను మాత్రం అడగలేకపోయాను. ఆయన పోయేదాకా అడగలేదు.

సోమవారంనుంచి బ్యాటరీ మీద కూర్చున్నాను. ఎవరూ చెయ్యమనలేదు. నిమిషానికొకసారి బ్యాటరీ ఫైలులోని అంకెలను ఇంకో ఫైలులో రాసిపెట్టేలా నాలుగు వరుసల చిన్న ప్రోగ్రాం రాశాను. నిండుగా ఛార్జి చేసి, ఛార్జరు పీకి, లాప్‌టాప్‌ను బల్ల మీద తెరిచి వదిలి, అది ఆరిపోయేదాకా పక్కనే కూర్చున్నాను. ఆరాక మళ్ళీ ఛార్జి చేసి, ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఇలా నాలుగుసార్లు.

శాతం చూపించే గీత నున్నగా దిగుతూ వచ్చింది. వోల్టేజి గీత అలా లేదు. సగం దాకా బాగానే నడిచి, ఒక్కసారిగా గోతిలో పడ్డట్టు పడింది. బ్యాటరీ లోపల ఉండే సెల్లుల్లో ఒకటి చచ్చిపోయి ఉంటుందని అర్థమైంది. శాతాన్ని ఆ బ్యాటరీయే తన పాత గొప్పను బట్టి చెబుతుంది, వోల్టేజి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది. నేను ఇన్నాళ్ళూ నమ్మింది మొదటిదాన్ని.

పడిపోయిన చోటు కూడా ప్రతిసారీ ఒకటి కాదు. డిస్కు గరగరలాడినప్పుడల్లా ముందుగా పడింది. ఆ గరగర ఏమిటో వెతికాను. ఫైళ్ళన్నిటికీ రోజుకొకసారి జాబితా తయారుచేసే పని ఒకటి లినక్సులో తనంతట తానే నడుస్తుంది. రాత్రింబవళ్ళు తెరిచి ఉండే కంప్యూటర్ల కోసం పెట్టింది అది. మా లాప్‌టాపులు మూసి ఉంటాయి కనుక, తెరిచిన కాసేపటికి, అంటే సరిగ్గా ఎదుటి మనిషి నోరు విప్పే వేళకు, బాకీపడ్డ ఆ పని మొదలుపెట్టేది. ఆ బరువు చచ్చిన సెల్లు మొయ్యలేక కూలబడేది. మేస్త్రీ జవాబులు చెప్పిన ఆ నాలుగో రోజు మాత్రం అది ఎందుకు నిలబడిందో నాకు తెలియలేదు.

ఆ పని ఆపేశాను. తెర వెలుగు తగ్గించాను. ప్రాసెసరును నిదానంగా నడిచేలా పెట్టాను. శాతాన్ని కాక వోల్టేజిని చూసి, అది జారబోతుండగానే కూత పెట్టేలా చేశాను. ప్రశ్నల ప్రోగ్రాం రాసినాయన్ను బతిమాలి, ఒక్కో పేజీ దాటగానే అదే భద్రమయ్యేలా మార్పించాను. ఆయనకు అది పూట పని. నా పని అంతా కలిపి నాలుగు రోజులు. ఆ గరగర నేను చేరిన మొదటి వారంనుంచీ వింటూనే ఉన్నాను.

లాప్‌టాప్ రెండు గంటలకు తక్కువ కాకుండా నిలబడింది. దాన్ని తీసుకుని మళ్ళీ కాలువ కింది ఊరికి వెళ్ళాను. జాబితాలో ఆ ఊరివి ఇంకా ఇళ్ళున్నాయి, కానీ నేను వెళ్ళింది ఆమె కోసం. మేస్త్రీ లేని వేళ చూసి అడిగితే, కొత్త ఫారం తెరిచి అంతా రాసుకుంటే, సారు కాదనలేరని.

ఆమె బస్సు ఆగే చోటే కనిపించింది. చెల్లెలో ఎవరో పక్కన ఉంది, కాళ్ళ దగ్గర ఒక రేకు పెట్టె, గుడ్డ మూట. ఇసక జల్లించడానికి బెంగుళూరు పోతోంది, ఆ బావ చేతికిందే. పిల్లల్ని అమ్మ దగ్గర వదిలింది. నేను పక్కకు పిలిచి సంగతి చెప్పాను. బ్యాటరీ బాగైంది, ఈసారి ఆగదు, పేజీ పేజీకీ ఉంటుంది అని.

ఆమె నేను చెప్పిందంతా విన్నది.

"ఒక తూరి చెప్పినా గదమ్మా" అంది. "అమ్మకు గూడా చెప్పలేదు అది. నీకు చెప్పినా. తెలుగులో అడిగినావే అని. అది పోయింది."

"నా తప్పే అక్కా."

"నీదో, దానిదో. ఇంగ నా దగ్గర లేదు. బావ చెప్పిందే ఉండాది. ఆయన చేతికింద బతకల్ల నేను." మూట సర్దుకుంది. "ఆ తూరి గూడా అడగకుంటే బాగుండు."

"అక్కా..."

"పోయి నీ పని చూసుకో పో అమ్మా. ఎండ పడతాది."

బస్సు వచ్చింది. పెట్టె పైకి అందించడానికి చెయ్యి వేశాను, ఆమె వద్దనలేదు. కిటికీ దగ్గర చోటు దొరకలేదు, లోపలికి వెళ్ళిపోయింది.

నేను కాలువ దాటి జాబితాలో తరువాతి ఇంటికి వెళ్ళాను. అక్కడ పోయింది ఒక ముసలాయన, దగ్గుతో. కోడలు గంటా పది నిమిషాలు చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి లేచి వెళ్ళి పాలు దించి వచ్చింది. లాప్‌టాప్ ఎక్కడా ఆగలేదు.